ఫారం 16 కాదు, 16ఏ

2025 జూలై మొదటివారం. మధ్యాహ్నం రెండు దాటింది. భోజనం డబ్బా మూత తీయబోతుండగా తలుపు దగ్గర ఒక కుర్రాడు నిలబడ్డాడు. ఒంటిమీద డెలివరీ కంపెనీ చొక్కా, చంకలో హెల్మెట్టు, చేతిలో రెండు కాగితాలు. ఒకటి బ్యాంకులో రాసిచ్చిన పత్రాల జాబితా. రెండోది నెట్ సెంటరులో ఇచ్చిన చీటీ. దాని మీద ఉన్నది ఒక్క ముక్కే: ఫారం 16.

“కంపెనీవాళ్లు ఫారం 16 ఇవ్వడం లేదు మేడం. కర్నూలులో వాళ్లకు ఆఫీసు లేదు. యాప్‌లో అడిగితే ‘మీ సమస్య పరిష్కారమైంది’ అని మెసేజ్ పెట్టి మూసేస్తున్నారు. మీరే ఒక నోటీసు రాసిపెట్టాలి” అన్నాడు.

నోటీసు రాయలేదు. రాసినా దానికి జవాబు ఉండేది కాదు. ఫారం 16 యజమాని ఉద్యోగికి ఇచ్చే పత్రం. జీతం ఎంత, అందులో పన్ను ఎంత పట్టుకున్నారు అని చెప్పేది. ఇతణ్ణి కంపెనీ ఉద్యోగిగా లెక్కవేయదు. యాప్‌లో చేరిన రోజున చదవకుండా బొటనవేలితో నొక్కిన ఒప్పందంలో ‘స్వతంత్ర కాంట్రాక్టరు’ అని ఉంది. కాంట్రాక్టరుకు ఇచ్చే పత్రం 16ఏ. ఆ చివరి అక్షరం సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పడం మొదలుపెట్టాక ఈ ఫైలు పద్నాలుగు వారాలు నడిచింది.

నేను పద్దెనిమిదేళ్లుగా ఈ ఊళ్లో పన్ను సలహాదారుగా పనిచేస్తున్నాను. ఉల్లి, పత్తి కమీషన్ వ్యాపారులు, టీచర్లు, చిన్న సివిల్ కాంట్రాక్టర్లు నా పాత కక్షిదారులు. యాప్‌ల మీద బతికే కుర్రాళ్లు రావడం ఈ మూడు నాలుగేళ్ల ముచ్చట. అందరి ఫైళ్లలోనూ ఒకే రకం చిక్కులు కనిపిస్తున్నాయి కాబట్టి, వాటన్నిటినీ ఒకేసారి మోసుకొచ్చిన ఈ కుర్రాడి ఫైలును, అతని అనుమతితో, ఆనవాళ్లు తీసేసి రాస్తున్నాను. ఇందులోని సెక్షన్ నంబర్లు 1961 ఆదాయపు పన్ను చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టం అమలు కాబట్టి, నంబర్లు మారతాయి.

జరిమానా అనుకున్నది

వయసు ఇరవై ఏడు. బీకాం రెండో ఏడాదిలో ఆపేశాడు. తల్లితో కల్లూరులో ఉంటాడు. 2024 ఆగస్టు దాకా ఒక బట్టల దుకాణంలో నెలకు 14,000 జీతం. సెప్టెంబరు నుంచి డెలివరీ. ఖాళీ దొరికితే ఇంకొక పార్సెల్ యాప్. పాత బండి మూలుగుతోంది కాబట్టి కొత్తదానికి అప్పు కావాలి. ‘నెలకు 26 వేలు వస్తాయి’ అని బ్యాంకులో చెబితే పే స్లిప్ అడిగారు. లేదంటే రెండు మూడేళ్ల రిటర్నులు తెమ్మన్నారు.

పోర్టల్‌లో అతని పాన్ తెరవగానే మొదట కనిపించిన సంగతి, అది పనిచేయని స్థితిలో ఉందని. ఆధార్‌తో లింకు కాలేదు. 2023 జూన్ 30 గడువు దాటిన ఇలాంటి పాన్‌లు జూలై 1 నుంచి నిద్రావస్థలోకి పోయాయి. ఆ తర్వాత 26ఏఎస్ తెరిచాను, అతని పాన్ మీద ఎవరెంత పన్ను పట్టి కట్టారో చూపే పట్టిక అది. 194సీ కింద, అంటే కాంట్రాక్టు చెల్లింపుల కింద, కంపెనీ 2024 సెప్టెంబరు నుంచి 2025 మార్చి దాకా చూపిన మొత్తం 1,68,400 రూపాయలు. పట్టుకున్న పన్ను 33,680. వ్యక్తులకు చేసే కాంట్రాక్టు చెల్లింపు మీద పట్టుకోవలసింది 1 శాతం. పాన్ పనిచేయకపోతే 206ఏఏ కింద అది 20 శాతం అవుతుంది. 1,684 పోవలసిన చోట దానికి ఇరవై రెట్లు పోయింది.

“మరి ఇన్నాళ్లు ఏమనుకున్నావు?” అని అడిగాను.

“ఫైన్ అనుకున్నాను మేడం. ఆలస్యంగా ఇస్తే, రేటింగ్ తగ్గితే కోస్తారని మావాళ్లు చెప్పారు.”

ఫోనులో వారం వారం చెల్లింపుల పట్టీ తెరిపించాను. 5,340లో కోత 1,068. 6,115లో 1,223. 4,890లో 978. క్యాలిక్యులేటరు అతని చేతికే ఇచ్చి భాగించమన్నాను. ఏ వారం చూసినా సరిగ్గా అయిదో వంతు. ఆలస్యానికి వేసే జరిమానా ప్రతి వారం అయిదో వంతుకే వచ్చి ఆగుతుందా? కాసేపు తెర వంక చూస్తూ కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు: కోత తగ్గుతుందేమోనని జనవరి నుంచి బండి వేగం పెంచాడట. ఫిబ్రవరిలో బళ్లారి చౌరస్తా దగ్గర పడి మోచేయి గీరుకుపోయిందట.

పద్దెనిమిదేళ్లలో టీడీఎస్ గురించి, అంటే చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను గురించి, చాలామందికి చాలా విధాలుగా చెప్పాను. అది ఒక మనిషి బండి వేగాన్ని పెంచగలదని మాత్రం నాకు ఆ రోజే తెలిసింది. పట్టీలో ఆ వరుస పక్కన ‘ఆదాయపు పన్ను, పాన్ లింకు కాలేదు’ అని రెండు ముక్కలు తెలుగులో ఉంటే సరిపోయేది. ఉన్నది ‘ఇతర కోతలు’ అన్న మాట.

పాన్‌ను మేల్కొల్పడం

లింకు ఎందుకు కాలేదో చూస్తే, పుట్టిన తేదీ తేడా. పాన్‌లో పదో తరగతి మార్కుల మెమో ప్రకారం జూన్ నెల తేదీ ఉంది. ఆధార్‌లో జనవరి 1 ఉంది. ఆధార్ కొత్తగా తీసేరోజుల్లో వయసు చెబితే చాలు, సంవత్సరం లెక్కగట్టి జనవరి 1 వేసిన కార్డులు మన జిల్లాలో కోకొల్లలు. నా సొంత అత్తగారి కార్డు కూడా అదే బాపతు. పాన్‌ను మార్చబోతే రేపు సర్టిఫికెట్లతో గొడవ. అందుకని మెమో పట్టుకుని ఆధార్ కేంద్రానికి పంపాను. తేదీ సరిపడ్డాక 1,000 రూపాయల ఆలస్య రుసుము కట్టి లింకు అభ్యర్థన పెట్టాం. ఆగస్టు 7న పాన్ మళ్లీ పనిలోకి వచ్చింది. ఆ తర్వాతి వారం నుంచి కోత 1 శాతానికి దిగింది. ఆ వారం అతను పట్టీని ఫొటో తీసి నాకు పంపాడు. కింద ఏమీ రాయలేదు.

మధ్యలో ఒక చిన్న మలుపు. జూలై 21న ప్రత్యక్ష పన్నుల బోర్డు 2025 నాటి 9వ సర్క్యులర్ ఇచ్చింది. 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 జూలై 31 మధ్య చేసిన చెల్లింపులకు, పాన్‌ను 2025 సెప్టెంబరు 30లోగా పనిచేసేలా చేసుకుంటే, ఎక్కువ రేటున పన్ను పట్టుకోనందుకు చెల్లించినవారిని బాధ్యులను చేయరు. చదవగానే నాకు ఆశ పుట్టింది. నింపాదిగా మళ్లీ చదివితే తెలిసింది, అది తక్కువ పట్టుకున్న కంపెనీలకు ఊరట అని. ఈ కంపెనీ నిబంధన ప్రకారం 20 శాతం పట్టి ఖజానాకు కట్టేసింది. ఆ డబ్బు కంపెనీ దగ్గర లేదు. రిటర్ను వేసి ప్రభుత్వం నుంచి వెనక్కి తెచ్చుకోవడమే దారి. సర్క్యులర్ కాపీ పట్టుకుని కంపెనీతో తగవుపడమని తోటి డెలివరీ కుర్రాళ్లు సలహా ఇచ్చారట. వద్దన్నాను.

నలభై పేజీల పుస్తకం

నెట్ సెంటరులో అయితే రిటర్ను పావుగంట పని. నేను నెల రోజులు ఆపాను. కారణం ఇది.

కాంట్రాక్టరు అన్నాక అతనిది జీతం కాదు, వ్యాపార ఆదాయం. 44ఏడీ కింద చిన్న వ్యాపారి లెక్కల పుస్తకాలు చూపకుండానే, బ్యాంకు ద్వారా వచ్చిన రాబడిలో 6 శాతం, నగదులో 8 శాతం లాభంగా చూపితే చట్టం ఒప్పుకుంటుంది. అంతకంటే ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపవచ్చు. మా వృత్తిలో చాలామంది ఎలాగూ పన్ను పడదు కదా అని 6 శాతం వేసి పంపేస్తారు. నాకది నచ్చదు. లక్షన్నర రాబడి మీద పదివేల లాభం చూపిన మనిషికి ఏ బ్యాంకు అప్పిస్తుంది? అసలు నిజంగా ఎంత మిగులుతోంది? అతణ్ణి అడిగితే ‘పెట్రోలు పోను ఇరవై దాకా’ అన్నాడు. ఎలా తెలుసు అంటే ‘అంతే ఉంటుంది మేడం’ అన్నాడు.

ఒక నలభై పేజీల నోటు పుస్తకం కొనమన్నాను. రోజుకో వరుస. పొద్దున బండి తీసేటప్పుడు మీటరు రీడింగు, రాత్రి ఆపాక రీడింగు, యాప్ చూపిన కిలోమీటర్లు, ఆర్డర్లు, వచ్చిన డబ్బు, పెట్రోలు, ఆన్‌లైన్‌లో ఉన్న గంటలు. రీడింగులకు ఫొటో తప్పనిసరి. జూలై 14 నుంచి 26 పనిదినాలు రాశాడు. మొదటి మూడు రోజులు నన్ను తిట్టుకున్నాడట, తర్వాత తనే చెప్పాడు.

26 రోజుల రాబడి 26,180. మీటరు తిరిగింది 2,860 కిలోమీటర్లు. లీటరుకు 44 చొప్పున 65 లీటర్లు, లీటరు 110 రూపాయల లెక్కన పెట్రోలుకు 7,150. ఆయిలు, సర్వీసు, టైర్లు, చైను, బ్రేకులు అన్నీ పాత బిల్లులు వెతికి కిలోమీటరుకు సగటున అర్ధరూపాయి తేల్చాం: 1,430. ఫోను రీచార్జి 299. మూడేళ్లకు పనికొచ్చే బండి విలువ తరుగుదల నెలకు 1,000. బీమా వాటా 71. మొత్తం ఖర్చు 9,950. మిగులు 16,230. ఆన్‌లైన్‌లో ఉన్న గంటలు 273. గంటకు 59 రూపాయలు.

ఇరవై అనుకున్నది పదహారు కావడం అతన్ని పెద్దగా కదిలించలేదు. కదిలించిన వరుస వేరే ఉంది. ఒక గురువారం 17 ఆర్డర్లు. యాప్ లెక్కలో 61 కిలోమీటర్లు. మీటరులో 108. తక్కిన 47 ఎక్కడివి? హోటలు దాకా వెళ్లడం, ఇచ్చేసి ఖాళీగా వెనక్కి రావడం. ఆ రోజుదే ఒక ఆర్డరును పట్టుకుని కూర్చున్నాం. రాజ్‌విహార్ దగ్గరి హోటలు నుంచి నంద్యాల చెక్‌పోస్టు అవతలి కాలనీకి బిర్యానీ. హోటలుకు చేరడానికి 1.5, కస్టమరు దాకా 5.8, ఆ కాలనీలో ఇంకొక ఆర్డరు రాదు కాబట్టి ఖాళీగా వెనక్కి 5.5. మొత్తం 12.8 కిలోమీటర్లు. పెట్రోలు, అరుగుదల కలిపి కిలోమీటరుకు 3 రూపాయలు: 38 రూపాయల 40 పైసలు. యాప్ ఇచ్చింది 41. యాభై నిమిషాల పనికి మిగిలింది 2 రూపాయల 60 పైసలు.

“దూరం ఆర్డరు వస్తే సంబరపడేవాణ్ణి మేడం” అన్నాడు.

బట్టల దుకాణంతో పోల్చి చూద్దామని నాకు బుద్ధి పుట్టింది. అక్కడ 14,000. దాని మీద యజమాని తన వాటాగా పీఎఫ్ 12 శాతం, 1,680 కట్టేవాడు. ఈఎస్ఐ 3.25 శాతం, 455. కలిపితే 16,135. ఇక్కడ మిగులు 16,230. తేడా 95 రూపాయలు. పైగా ఈఎస్ఐ కార్డు పోయింది. తల్లికి చక్కెర జబ్బు. ఈఎస్ఐ మందులు వదిలేసి ఇప్పుడు పెద్దాసుపత్రి వరుసలో నిలబడుతోంది.

ఇది చూపించి మళ్లీ దుకాణంలో చేరమని చెప్పబోయాను. అతను తల అడ్డంగా ఊపాడు. “అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే అక్కడ రెండు రోజుల ముందు సేటును అడగాలి. ఆయన మొహం మాడ్చుకుంటాడు. ఇక్కడ యాప్ ఆపేస్తే చాలు. ఆ 95 అందుకు ఇస్తున్నారనుకోండి.” నా లెక్కలో ఆ గడి లేదు. ఉండాల్సిందే అనిపించింది.

బీమా సంగతి ఒకటి మధ్యలో చెప్పాలి. అతని పాలసీ సొంత వాడకపు ద్విచక్ర వాహనానిది. కిరాయి పనికి, వ్యాపారానికి వాడుతున్నట్టు తేలితే సొంత బండి నష్టానికి కంపెనీ చెల్లించకపోవచ్చు. ఫిబ్రవరిలో పడినప్పుడు అతను క్లెయిమ్‌కు వెళ్లలేదు కాబట్టి ఈ సంగతి బయటపడలేదు. కొత్త బండి కొన్నప్పుడు వాడకం ఏమిటో ముందే చెప్పి పాలసీ తీసుకోమని ఫైలు మీద ఎర్ర సిరాతో రాసి పెట్టాను.

రిటర్ను, నా పొరపాటు

పుస్తకంలో తేలిన నిష్పత్తి రాబడిలో 62 శాతం. కిందటి ఏడాది ఏడు నెలలకు అతని దగ్గర రాతపూర్వక లెక్క లేదు కాబట్టి అదే నిష్పత్తిని వెనక్కి వేశాను. డెలివరీ 1,68,400, పార్సెల్ యాప్ 24,000, కలిపి 1,92,400. అందులో లాభం 1,19,300గా చూపాం. దుకాణంలో అయిదు నెలల జీతం 70,000. కొత్త పన్ను విధానంలో జీతం నుంచి తీసేసే స్టాండర్డ్ డిడక్షన్ 75,000 దాకా ఉంది కాబట్టి అది పూర్తిగా పోయింది. మొత్తం ఆదాయం ఆ ఏడాది పన్ను పడని 3,00,000 పరిమితికి చాలా కింద ఉంది. పన్ను సున్నా. 33,680 మొత్తం వెనక్కి రావాలి.

ఇక్కడ చాలామంది తప్పటడుగు వేసే విషయం ఒకటుంది. ఆదాయం పరిమితిలోపే కదా, రిటర్ను ఎందుకు అంటారు. ఏడాదిలో టీడీఎస్, టీసీఎస్ (అమ్మేవారు వసూలు చేసే పన్ను) కలిపి 25,000 లేదా అంతకు మించితే ఆదాయం ఎంత తక్కువైనా రిటర్ను తప్పనిసరి. రిఫండు కావాలన్నా, ఈ నిబంధన చూసినా, ఇతని విషయంలో రెండు దారులూ అక్కడికే చేరాయి. వేయాల్సిన ఫారం ఐటీఆర్-4. నెట్ సెంటరులో వేయబోయింది ఐటీఆర్-1. అందులో వ్యాపార ఆదాయానికి చోటే లేదు. 194సీ టీడీఎస్ పక్కన జీతం ఆదాయం చూపితే లోపభూయిష్టమైన రిటర్ను అని నోటీసు వచ్చి కూర్చునేది. జీఎస్టీ నంబరు తీసుకోమని కూడా ఎవరో చెప్పారట. సేవలకు 20 లక్షల రాబడి దాకా ఆ అవసరం లేదు.

ఆ ఏడాది గడువును జూలై 31 నుంచి సెప్టెంబరు 15కు పొడిగించారు కాబట్టి మా నెల రోజుల ఆలస్యానికి రుసుము పడలేదు. ఆగస్టు 18న వేశాం. సెప్టెంబరు మొదట్లో ఇంటిమేషన్ వచ్చింది, రిఫండు మొత్తం ఒప్పుకున్నారు. ఆ తర్వాత వారంలో రిఫండు విఫలమైందని మెసేజ్ వచ్చింది.

తప్పు నాది. ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ రెండుసార్లు సరిచూశాను. ఖాతాలో పేరు చూడలేదు. కాలేజీ రోజుల్లో తీసిన ఆ ఖాతాలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, పాన్‌లో పూర్తిగా ఉంది. తేదీల తేడా మీద నెల రోజులు కొట్టుకున్నదాన్ని, పేరు తేడా ఉండవచ్చని తట్టలేదు. బ్యాంకులో పేరు సరిచేయించి, ఖాతాను మళ్లీ ధ్రువీకరించి, రిఫండు తిరిగి పంపమని అభ్యర్థన పెట్టాం. నాలుగు వారాలు పోయాయి. అక్టోబరు 6న 33,680, దాని మీద మూడు వందల చిల్లర వడ్డీ జమ అయ్యాయి. పాన్ పనిచేయని కాలానికి వడ్డీ రాదు కాబట్టి అంతకుమించి ఆశించలేదు. ఆ నాలుగు వారాలకు నా ఫీజులో సగం తగ్గించుకున్నాను. వద్దన్నాడు, నేనే పట్టుబట్టాను.

2025 ఏప్రిల్ నుంచి పాన్ మేల్కొనేదాకా మళ్లీ 20 శాతం చొప్పున 19,740 పోయింది. అది వచ్చే ఏడాది రిటర్నులో రావాలి. ఫైలు మూయలేదు.

తర్వాత

సెప్టెంబరు నుంచి అతను పని తీరు మార్చుకున్నాడు. నేను చెప్పింది కొంత, పుస్తకం చెప్పింది ఎక్కువ. మధ్యాహ్నం మూడు నుంచి అయిదున్నర దాకా ఆర్డర్లు పలచన కాబట్టి యాప్ ఆపి ఇంటికి వెళ్తున్నాడు. తిరుగు ప్రయాణం ఖాళీగా వచ్చే కాలనీలను గుర్తుపెట్టుకుని వీలైనంతవరకు వదిలేస్తున్నాడు. అలా వదిలేస్తే యాప్ ఆర్డర్లు తగ్గిస్తుందని అతనికి భయం ఉంది. కాస్త తగ్గించింది కూడా. ఆ నెల గంటలు 273 నుంచి 238కి తగ్గాయి. మిగులు 15,700. మొత్తం తగ్గింది, గంటకు మాత్రం 59 కాస్తా 66 అయింది.

ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేయించాను. అది అసంఘటిత కార్మికుల కేంద్ర పోర్టల్. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో యాప్‌ల మీద పనిచేసే గిగ్ కార్మికులకు ఆ పోర్టల్‌లో నమోదు, గుర్తింపు కార్డు, ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన వర్తింపు ప్రకటించారు. 2020 సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. యజమాని-ఉద్యోగి సంబంధానికి బయట పనిచేసేవాడు అని గిగ్ కార్మికుణ్ణి అందులో నిర్వచించారు. కంపెనీలు తమ వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం, కార్మికులకు చెల్లించిన మొత్తంలో 5 శాతానికి మించకుండా, నిధికి కట్టాలి. చట్టం ఇతణ్ణి పేరుపెట్టి పిలవడం మంచిదే. నా బీరువాలోని ఫైళ్లలో మాత్రం ఆ నిధి నుంచి ఇంకా ఒక్క రూపాయి పద్దు పడలేదు. పడిన రోజున రాస్తాను.

బ్యాంకు మేనేజరుకు రిటర్ను, 16ఏ, 26ఏఎస్, నోటు పుస్తకం నకలు అన్నీ ఇచ్చాం. ఆయన పుస్తకం మీదే ఎక్కువసేపు ఆగాడు. ‘మీటరు ఫొటోలు కూడా ఉన్నాయా’ అని అడిగాడు. అయినా రెండో ఏడాది రిటర్ను కూడా కావాలన్నాడు. ఆయన నిబంధన ఆయనది. పక్క వీధి ఫైనాన్సు కంపెనీ ఆ రోజే అప్పు ఇస్తానంది. వడ్డీ లెక్క వేసి చూపాక కుర్రాడు తనే వద్దనుకున్నాడు. రిఫండు డబ్బులో ఆరు వేలు పెట్టి పాత బండికి చైను, వెనుక టైరు, క్లచ్ మార్పించాడు. ఆ బిల్లులు నాకు తెచ్చి ఇచ్చాడు. తక్కినది తల్లి పేర పోస్టాఫీసులో వేశాడు.

అతనితోపాటు కొత్త బస్టాండు దగ్గర ఆర్డర్ల కోసం నిలబడే కుర్రాళ్లు అక్టోబరులో ఏడుగురు వచ్చారు. నలుగురి పాన్‌లు నిద్రలోనే ఉన్నాయి. నలుగురూ దాన్ని ఫైన్ అనే అన్నారు.

నవంబరులో అతని నలభై పేజీలు అయిపోయాయి. ఈసారి రెండు వందల పేజీల పుస్తకం కొని తెచ్చి నా బల్ల మీద తెరిచి పెట్టాడు. గళ్లు స్కేలుతో తనే గీసుకున్నాడు. మొదటి వరుసలో తేదీ, దాని పక్కన ఖర్చు గడిలో: నోటు పుస్తకం, 60 రూపాయలు.